జాన్ నార్క్వే: పొలం నుంచి మానిటోబా ముఖ్యమంత్రి పదవికి వచ్చిన మనిషి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జాన్ నార్క్వే ఎవరు?

కెనడాలోని మానిటోబా రాష్ట్రానికి 1878 అక్టోబరు నుంచి 1887 డిసెంబరు వరకు, అంటే తొమ్మిదేళ్లకు పైగా, ముఖ్యమంత్రిగా ఉన్న వ్యక్తి. 1841 మే 8న రెడ్ రివర్ ఒడ్డున సెయింట్ ఆండ్రూస్ దగ్గర పుట్టి, 1889 జూలై 5న విన్నిపెగ్‌లో నలభై ఎనిమిదేళ్ల వయసులో మరణించాడు. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టి, సేద్యం చేస్తూ, మధ్యలో బొచ్చుతోళ్ల వ్యాపారం కూడా చేసి, ఇరవై తొమ్మిదేళ్లకు రాష్ట్రపు తొలి శాసనసభలో అడుగుపెట్టాడు. రాష్ట్రానికి సొంత భూమి లేని కాలంలో, రైలు వేసుకునే హక్కు కూడా అనుమానంలో పడిన కాలంలో, ఒక రైతు ప్రభుత్వాన్ని నడిపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆయన జీవితం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆయన ఏ జాతి వాడు? "మెటీ" అంటే ఎవరు?

బొచ్చుతోళ్ల వ్యాపార కంపెనీల్లో కొలువుకు వచ్చిన ఐరోపా మూలాల మగవాళ్లకు, అక్కడి ఆదివాసీ స్త్రీలకు పుట్టిన సంతతి నుంచి తరాల మీద ఏర్పడిన ప్రజలు మెటీలు. వారిలో ఫ్రెంచి మాట్లాడే కాథలిక్కులు ఒక పాయ, ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంట్లు మరో పాయ. నార్క్వే రెండో పాయకు చెందినవాడు. ఆయన తాత స్కాట్లాండు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల నుంచి, బొచ్చుతోళ్ల వ్యాపారం చేస్తూ ఆ ప్రాంతాన్ని తన అధీనంలో ఉంచుకున్న హడ్సన్స్ బే కంపెనీలో ఉద్యోగానికి వచ్చినవాడు. 1870లో మానిటోబా ఏర్పడేనాటికి అక్కడున్న దాదాపు పన్నెండు వేల మందిలో అత్యధికులు ఈ రెండు పాయల వాళ్లే. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆంటారియో నుంచి వలస వెల్లువలా వచ్చింది. జనాభా లెక్కల ప్రకారం 1881లో 62,260 మంది, 1891లో 1,52,506 మంది. పుట్టిన నేలలోనే తన వాళ్లు మైనారిటీ అయిపోతుండగా, కొత్తగా వచ్చినవాళ్ల ఓట్లతో ప్రభుత్వం నడపవలసి రావడం నార్క్వేకు పట్టిన ప్రత్యేకమైన స్థితి. ఆయన వంశాన్ని ఎత్తిచూపి ఎగతాళి చేసిన రాజకీయ ప్రత్యర్థులకు ఆ రోజుల్లో కొదవ లేదు.

బాల్యం, చదువు ఎలా సాగాయి?

చిన్నతనంలోనే తల్లిని, తర్వాత తండ్రిని పోగొట్టుకున్నాడు. అవ్వ దగ్గర పెరిగాడు. ఆంగ్లికన్ బిషప్ డేవిడ్ ఆండర్సన్ ఆధ్వర్యంలో నడిచిన సెయింట్ జాన్స్ బడిలో చదువుకుని, ఇరవై ఏళ్లు నిండకముందే తానూ పంతులయ్యాడు. ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, క్రీ, సోటో భాషలు వచ్చు. 1862లో ఎలిజబెత్ సెట్టర్‌ను పెళ్లాడాడు. పంతులు జీతంతో సంసారం గడవడం అక్కడా కష్టమే గనుక కొన్నేళ్లకు బడి వదిలి పొలం పట్టాడు.

ఆయన నిజంగా వ్యవసాయం చేశాడా, లేక రాజకీయ నాయకుల పేరుకు ముందు తగిలించే "రైతుబిడ్డ" లాంటి మాటా ఇది?

నిజంగానే చేశాడు. 1860ల నడిమి కాలంలో విన్నిపెగ్‌కు పడమర, అసినిబోయిన్ నది పక్కన, పోర్టేజ్ లా ప్రెరీకి దగ్గరలో ఉన్న హై బ్లఫ్ అనే చోటికి కాపురం మార్చి అక్కడ సేద్యం చేశాడు. ఆ సేద్యం ఎలా ఉండేదో తెలిస్తే ఆయన రాజకీయం సగం అర్థమవుతుంది.

రెడ్ రివర్ ప్రాంతంలో పొలాలు చదరంగా ఉండేవి కావు. నదికి ఆనుకుని సన్నగా, వెనక్కి రెండు మైళ్ల పొడవున సాగే చెక్కలు అవి. ఇల్లు, తోట, దున్నిన భూమి నది దగ్గర ఉండేవి. ఆ చెక్క వెనక మరో రెండు మైళ్ల మేర గడ్డి కోసుకునే హక్కు ఆనవాయితీగా ఉండేది. పట్టా కాగితం ఉన్నవాళ్లు కొందరే, ఆనవాయితీ మీద బతికేవాళ్లు చాలామంది. పంట ఒక్కదాని మీద ఎవరూ ఆధారపడలేదు. వేసవిలో అడవిదున్నల వేట, చలికాలంలో బొచ్చుతోళ్లు, చేపలు, కంపెనీకి బండ్లు తోలడం, ఇవన్నీ కలిస్తేనే ఏడాది గడిచేది. నార్క్వే కూడా సేద్యంతో పాటు మానిటోబా సరస్సు వైపు బొచ్చు వ్యాపారం చేశాడు. 1868లో మిడతల దండు పంటను ఊడ్చిపెట్టింది, ఆ ఏడాదే వేట కూడా విఫలమైంది. బ్రిటన్, కెనడా, అమెరికా నుంచి వచ్చిన సహాయంతో ఆ సెటిల్‌మెంటు బతికి బయటపడింది. పంట పోయిన ఏడాది గింజల కోసం దూరపు ప్రభుత్వం వైపు చూడవలసి రావడం అంటే ఏమిటో ఆ తరం రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ముఖ్యమంత్రి అయ్యాక దుక్కి తానే దున్నాడని చెప్పడానికి లేదు. పదవి విన్నిపెగ్‌లో, పని అంతా కాగితాలతో, కేంద్ర ప్రభుత్వం ఉన్న ఒట్టావాకు ప్రయాణాలతో. రైతుగా ఉండి రాజకీయాలకు వచ్చినవాడే తప్ప రెండూ చివరిదాకా సమానంగా నడిపినవాడు కాదు.

రాజకీయాల్లోకి ఎలా వచ్చాడు? లూయీ రియల్ తిరుగుబాటులో ఆయన పాత్ర ఏమిటి?

హడ్సన్స్ బే కంపెనీ తన అధీనంలోని విశాల భూభాగాన్ని 3,00,000 పౌండ్లకు కెనడాకు అప్పగించడానికి 1869లో ఒప్పుకుంది. అక్కడ ఉంటున్న జనాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. సర్వేయర్లు వచ్చి నది చెక్కల మీదుగా చదరపు గీతలు గీయడం మొదలుపెట్టగానే ఫ్రెంచి మెటీలు లూయీ రియల్ నాయకత్వంలో అడ్డుకుని, తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు చేసుకున్నారు. బేరసారాల ఫలితంగా మానిటోబా చట్టం వచ్చి, 1870 జూలై 15న కొత్త రాష్ట్రం పుట్టింది.

ఆ పోరాటంలో నార్క్వే ముందు వరుసలో లేడు. గొడవ చల్లారాక మాత్రం ఇంగ్లీషు మెటీ రైతులకు తమ తరఫున మాట్లాడగల, చదువుకున్న, రెండు వైపుల భాషలూ తెలిసిన మనిషి కావలసి వచ్చింది. 1870 డిసెంబరులో ఇరవై నాలుగు స్థానాలకు జరిగిన తొలి ఎన్నికల్లో హై బ్లఫ్ నుంచి పోటీ లేకుండా గెలిచాడు. ఏడాది తిరక్కుండానే, 1871 డిసెంబరులో, ప్రజాపనులు, వ్యవసాయ శాఖల మంత్రి అయ్యాడు. 1874లో ఆ మంత్రివర్గం కూలింది. 1875లో రాబర్ట్ డేవిస్ ప్రభుత్వంలో మళ్లీ చేరాడు. డేవిస్ పదవి వదులుకున్నప్పుడు, 1878 అక్టోబరులో, ముఖ్యమంత్రి పీఠం నార్క్వేకు దక్కింది.

అప్పటి మానిటోబా ప్రభుత్వం ఎంత పెద్దది?

చాలా చిన్నది. రాష్ట్రం పటం మీద ఎంత చిన్న చదరంగా కనిపించేదంటే, "పోస్టు స్టాంపు రాష్ట్రం" అని వేళాకోళం చేసేవారు. రాబడిలో ఎక్కువ భాగం ఒట్టావా పంపే వార్షిక గ్రాంటే. ఖర్చు తగ్గించుకోవడానికి 1876లో ఎగువ సభనే రద్దు చేసుకున్నారు.

1879లో ఫ్రెంచి భాష విషయంలో ఏం జరిగింది? ఆయన దాన్ని అణచడానికి ప్రయత్నించాడా?

ఆయన జీవితంలో ఇబ్బందికరమైన ఘట్టం ఇదే. దీన్ని దాటవేసి ఆయనను మెచ్చుకోవడం న్యాయం కాదు.

నార్క్వే తొలి మంత్రివర్గం రెండు కాళ్ల మీద నిలబడింది. ఒకటి పాత ఇంగ్లీషు నివాసులు, రెండోది జోసెఫ్ రాయల్ నాయకత్వంలోని ఫ్రెంచి సభ్యులు. ఆంటారియో నుంచి వచ్చిన కొత్తవాళ్లు తమ జనాభాకు తగినన్ని స్థానాలు కావాలని పట్టుబట్టారు. 1879 మేలో రాయల్, ముఖ్యమంత్రిని పక్కకు నెట్టి కొత్త పొత్తు కుదుర్చుకోవాలని ఎత్తు వేశాడు. నార్క్వే అంతకంటే వేగంగా కదిలాడు. ఇంగ్లీషు మాట్లాడే సభ్యులందరినీ, పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ, ఒక్కటి చేసి ఫ్రెంచి మంత్రులను బయటికి పంపించాడు. ఆ పొత్తుకు చెల్లించిన మూల్యం నియోజకవర్గాల పునర్విభజన, దాంతో పాటు చట్టాలు తప్ప మిగిలిన ప్రభుత్వ పత్రాలను ఫ్రెంచిలో అచ్చు వేయడం మానేయాలనే బిల్లు. కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నరు జోసెఫ్ కోషాన్ ఆ బిల్లుకు ఆమోదం ఇవ్వకుండా ఒట్టావా పరిశీలనకు పంపాడు. అది అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత నార్క్వే దాన్ని మళ్లీ ముందుకు తేలేదు, పైగా ఫ్రెంచి మంత్రులను తిరిగి మంత్రివర్గంలోకి తీసుకున్నాడు.

పదవి నిలుపుకోవడానికి వేసిన ఎత్తుగా దీన్ని చదవడమే సబబు. భాషా ద్వేషం ఆయన స్వభావంలో ఉన్నట్టు కనిపించదు. కానీ ఒకసారి తెరిచిన తలుపు పూర్తిగా మూసుకోదు. ఆయన తర్వాత వచ్చిన ప్రభుత్వం 1890లో ఫ్రెంచికి ఉన్న అధికార హోదాను తీసేసింది. ఆ చట్టం చెల్లదని కెనడా సుప్రీంకోర్టు చెప్పడానికి 1979 దాకా పట్టింది.

రాష్ట్రానికి సొంత భూమి లేకపోవడం అంటే ఏమిటి?

ఆంటారియో, క్విబెక్ వంటి పాత రాష్ట్రాలకు తమ సరిహద్దుల్లోని ప్రభుత్వ భూముల మీద, అడవుల మీద, ఖనిజాల మీద హక్కు ఉంది. వాటిని అమ్మి, కౌలుకిచ్చి, కలప పన్ను వేసి ఖజానా నింపుకునేవి. మానిటోబా చట్టం మాత్రం ఆ భూములన్నిటినీ కేంద్రానికే ఉంచింది. పసిఫిక్ తీరం దాకా రైలు వేయడానికి, వలసదార్లను దించడానికి అవి కావాలని ఒట్టావా వాదన. మెటీల పిల్లలకు పంచుతామని పక్కన పెట్టిన 14,00,000 ఎకరాల వ్యవహారం కూడా కేంద్రం చేతిలోనే నడిచి, ఏళ్ల తరబడి జాప్యాల్లో, చేతులు మారిన పత్రాల్లో నలిగిపోయింది.

ఫలితం ఏమిటో ఊహించుకోవచ్చు. కొత్త రైతులు వేలల్లో దిగుతున్నారు. వాళ్లకు రోడ్లు, వంతెనలు, బడులు, కోర్టులు, మురుగునీటి కాలువలు కావాలి. అవన్నీ రాష్ట్రం పని. ఆ రైతులు కొన్న భూమి సొమ్ము మాత్రం కేంద్రానికి పోతుంది. అందుకే నార్క్వే పాలనలో సగం కాలం "మెరుగైన షరతుల" కోసం ఒట్టావా గడప తొక్కడంతోనే సరిపోయింది. 1882లో భూములకు బదులుగా ఏడాదికి 45,000 డాలర్లు సాధించాడు. 1885లో దాన్ని 1,00,000 డాలర్లకు పెంచుకున్నాడు. చిత్తడి నేలలను రాష్ట్రానికి బదిలీ చేయించుకున్నాడు, 1877లో స్థాపించిన మానిటోబా విశ్వవిద్యాలయానికి 1,50,000 ఎకరాలు కేటాయింపజేశాడు. ఇవి చిన్న విజయాలు కావు. అయితే వాటికి బదులుగా ఇది తుది పరిష్కారమని ఒప్పుకోవలసి రావడంతో ప్రతిపక్షం ఆయన రాష్ట్ర హక్కులను అమ్ముకున్నాడని ఊరూరా తిప్పి చెప్పింది. భూములు చివరికి రాష్ట్రం చేతికి వచ్చింది 1930లో.

రాష్ట్రం సరిహద్దులు పెంచింది ఆయనేనా?

ఆయన ప్రభుత్వం అడగ్గా కెనడా పార్లమెంటు 1881లో పెంచింది. పడమటి వైపు దాదాపు ఇప్పటి హద్దు దాకా, ఉత్తరానికి కొంత దూరం జరిపారు. విస్తీర్ణం అయిదింతలు దాటింది. తూర్పు హద్దు దగ్గర మాత్రం పెద్ద చిక్కు వచ్చింది. ఆంటారియో పడమటి హద్దు ఎక్కడైతే అక్కడి దాకా మానిటోబా అని చట్టం చెప్పింది, కానీ ఆంటారియో హద్దు ఎక్కడో ఎవరూ తేల్చలేదు!

నడుమ చిక్కింది ర్యాట్ పోర్టేజ్ అనే ఊరు. ఇప్పటి కెనోరా అదే. కలప దండిగా ఉన్న చోటు. రెండు రాష్ట్రాలూ అక్కడ పోలీసులను, మేజిస్ట్రేట్లను నియమించాయి. ఒకరి కానిస్టేబులును మరొకరు అరెస్టు చేసేవారు. 1883లో రెండు రాష్ట్రాల శాసనసభలకూ ఆ ఊళ్లో ఎన్నికలు జరిగాయి. ప్రధానమంత్రి జాన్ మాక్డొనాల్డ్ మానిటోబా పక్షాన నిలబడ్డాడు. నార్క్వే మీద ప్రేమతో అనుకుంటే పొరపాటు. ఆ నేల మానిటోబాకు వస్తే దాని మీది కలప కేంద్రానిది అవుతుంది, ఆంటారియోకు పోతే ఆంటారియోదే అవుతుంది. ఆనాడు కెనడా వ్యాజ్యాలకు తుది న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1884లో ఆంటారియో ముఖ్యమంత్రి ఆలివర్ మోవాట్ వాదన వైపు మొగ్గింది. నార్క్వే ఎంతో ఖర్చుపెట్టి, గెలిచినా కలప దక్కని వ్యాజ్యంలో ఓడిపోయాడు.

రైతు ముఖ్యమంత్రి మీద రైతులే ఎందుకు తిరగబడ్డారు?

1881, 1882లలో విన్నిపెగ్‌లో స్థలాల బేరాలు పిచ్చిగా సాగి, తర్వాత ఒక్కసారిగా కుప్పకూలాయి. 1883 సెప్టెంబరులో మంచు ముందుగానే కురిసి కోతకు రాని గోధుమను పాడుచేసింది. గింజ మెత్తబడితే ధర రాదు. ధర వచ్చినా రైలు కిరాయి మింగేస్తుంది. అదే ఏడాది వ్యవసాయ పనిముట్ల మీద దిగుమతి సుంకం 25 శాతం నుంచి 35 శాతానికి పెరిగింది. అమెరికా నుంచి చవకగా రావలసిన కోతయంత్రం ఖరీదెక్కింది. లాభం తూర్పున ఆంటారియో ఫ్యాక్టరీలకు, భారం పడమటి రైతుకు.

ఆ చలికాలంలోనే రైతుల యూనియను పుట్టింది. ప్రభుత్వ భూములు రాష్ట్రానికి ఇవ్వాలని, రైలు గుత్తాధిపత్యం పోవాలని, హడ్సన్ అఖాతానికి రైలు వేయాలని, సుంకాలు తగ్గించాలని కోరింది. ఈ కోర్కెల్లో ఒక్కటైనా రాష్ట్ర ప్రభుత్వం తనంతట తీర్చగలిగేది కాదు. అయినా జనం కళ్లకు కనిపించే ప్రభుత్వం నార్క్వేదే. ఆయన ఆ కోర్కెల పత్రాన్నే పట్టుకుని ఒట్టావాకు వెళ్లాడు, 1885 నాటి షరతులు అలా వచ్చినవే. యూనియను 1884లో పడమటికి కొత్త వలసలు వద్దని తీర్మానించి తన పరువు తానే తీసుకుంది. వలసల మీద ఆశ పెట్టుకున్న వ్యాపారులు, పట్టణాల వాళ్లు దూరమయ్యారు. కోపం మాత్రం మిగిలింది, అది థామస్ గ్రీన్‌వే నడిపిన ప్రతిపక్షానికి ఎరువైంది.

రైల్వే గొడవ ఏమిటి? ఆయన పదవి ఎందుకు పోయింది?

కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి కేంద్రం 2,50,00,000 డాలర్లు, 2,50,00,000 ఎకరాలు ఇచ్చింది. పైగా ఒప్పందంలో పదిహేనో నిబంధన ఒకటి ఉంది. కంపెనీ ప్రధాన మార్గానికి దక్షిణాన, అమెరికా సరిహద్దు వైపు సాగే మరో రైలు మార్గానికి ఇరవై ఏళ్ల పాటు కేంద్రం అనుమతి ఇవ్వకూడదు. పార్లమెంటులో చర్చ జరిగినప్పుడు, పాత మానిటోబా హద్దుల లోపల రాష్ట్రం ఇచ్చే అనుమతులను ఇది అడ్డుకోదని ప్రభుత్వ పక్షం వాళ్లే భరోసా ఇచ్చారు. ఆచరణలో జరిగింది వేరు. మానిటోబా శాసనసభ రైలు కంపెనీకి అనుమతి చట్టం చేయడం, రాజ్యాంగం ఇచ్చిన రద్దు అధికారంతో మాక్డొనాల్డ్ దాన్ని కొట్టేయడం, 1882 నుంచి ఇదే తంతు.

మొదట్లో నార్క్వే ఓర్పు చూపాడు. మాక్డొనాల్డ్‌తో స్నేహంగా ఉంటే గ్రాంట్లు వస్తాయని ఆయన లెక్క, కొంతవరకు ఆ లెక్క నిజమైంది కూడా. 1886 డిసెంబరు ఎన్నికల్లో బొటాబొటీగా గట్టెక్కాక ఆ ఓర్పుకు కాలం చెల్లింది. 1887లో విన్నిపెగ్ నుంచి అమెరికా సరిహద్దు దాకా రెడ్ రివర్ వ్యాలీ రైల్వేను రాష్ట్రమే ప్రజాపనిగా కడుతుందని ప్రకటించి చట్టం చేశాడు, ఆ వేసవిలో పని మొదలుపెట్టించాడు. ఒట్టావా ఆ చట్టాన్నీ రద్దు చేసింది. కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వులు వచ్చాయి. అన్నిటికంటే గట్టి దెబ్బ డబ్బు దగ్గర తగిలింది. రాష్ట్ర బాండ్లను న్యూయార్కులో గానీ లండన్‌లో గానీ కొనేవాడు దొరకలేదు. మాక్డొనాల్డ్‌కు, రైల్వే కంపెనీ పెద్దలకు ఆ బజార్లలో ఉన్న పలుకుబడి ముందు విన్నిపెగ్ మాట ఎంత?

ఇంతలో మరో రైలు వ్యవహారం మెడకు చుట్టుకుంది. హడ్సన్ అఖాతం వైపు వేయదలచిన మార్గంలో విన్నిపెగ్ నుంచి మొదటి నలభై మైళ్లు 1886లో వేశారు. దాని కాంట్రాక్టర్లకు రాష్ట్రం 2,56,000 డాలర్ల విలువైన బాండ్లు అప్పగించింది. అందుకు జామీనుగా కేంద్రం ఇచ్చే భూములు రాష్ట్రానికి బదిలీ అవుతాయని, మాక్డొనాల్డ్ మాట ఇచ్చాడని, ఆర్థిక మంత్రి లారివియేర్, నార్క్వే నమ్మారు. అలాంటి మాటేదీ తాను ఇవ్వలేదని మాక్డొనాల్డ్ తేల్చి చెప్పాడు. కాగితం మీద ఏమీ లేదు. భూములు రాలేదు, బాండ్లు పోయాయి. సొంత పార్టీ సభ్యులే వెనక్కి తగ్గడంతో 1887 డిసెంబరు చివర్లో నార్క్వే రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన హారిసన్ ప్రభుత్వం నెల తిరగకుండానే పడిపోయి, 1888 జనవరి 19న గ్రీన్‌వే ముఖ్యమంత్రి అయ్యాడు.

ఆయన అవినీతిపరుడా?

బాండ్ల సొమ్ము తన జేబులో వేసుకున్నాడని ఎవరూ రుజువు చేయలేదు. చట్టసభ అనుమతి, లిఖిత హామీ లేకుండా ప్రజల సొమ్ముకు పూచీ పడటం మాత్రం తీవ్రమైన నిర్లక్ష్యమే. పరస్పర నమ్మకం మీద, నోటిమాట మీద బేరాలు నడిచే చిన్న సమాజంలో పెరిగిన మనిషి, కేంద్ర రాజకీయాల్లో నోటిమాటకు ఉండే విలువను ఎక్కువగా అంచనా వేశాడని నా అభిప్రాయం. మాక్డొనాల్డ్ అబద్ధమాడాడా, లేక లారివియేర్ విన్నదే తప్పా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్న విషయం.

గ్రీన్‌వేకు, ఆయనకు తేడా ఏమిటి?

గ్రీన్‌వే కూడా సేద్యం చేసినవాడే. ఇంగ్లాండులో పుట్టి, ఆంటారియోలో పెరిగి, అక్కడ పార్లమెంటు సభ్యుడిగా ఉండి, తర్వాత మానిటోబా దక్షిణాన క్రిస్టల్ సిటీ ప్రాంతంలో స్థిరపడ్డాడు. రాజకీయ తేడా కంటే అదృష్టం తేడా ఎక్కువ. 1888 వసంతంలో గ్రీన్‌వే ఒట్టావా వెళ్లేసరికి మాక్డొనాల్డ్ అలసిపోయి ఉన్నాడు. గుత్తాధిపత్యం వదులుకున్నందుకు రైల్వే కంపెనీకి 1,50,00,000 డాలర్ల బాండ్ల మీద హామీ ఇచ్చి ఆ నిబంధనను ఎత్తివేశారు. నార్క్వే అయిదారేళ్లు పోరాడి పదవి పోగొట్టుకున్న విషయంలో, విజయం ఆయన ప్రత్యర్థి ఖాతాలో పడింది. పోటీగా అమెరికా రైల్వే కంపెనీ నార్తర్న్ పసిఫిక్ రానే వచ్చింది గానీ, కిరాయిలు రైతులు ఆశించినంతగా తగ్గలేదు.

ఆయన మనిషి ఎలా ఉండేవాడు?

మూడు వందల పౌన్లకు పైగా బరువు, అంత భారీ శరీరంతోనూ తెల్లవార్లూ నాట్యం చేయగల ఉత్సాహం. నాట్యానికి అదనపు మొకాసిన్ చెప్పుల జతలు వెంట తెచ్చుకునేవాడని కథగా చెప్పుకుంటారు. సభలో గట్టి వక్త. ఆయనను ఇష్టపడనివాళ్లు కూడా మంచితనాన్ని ఒప్పుకునేవారు. బహుశా అదే ఆయన బలహీనత కూడా కావచ్చు: కాదనడం ఆయనకు తేలిగ్గా వచ్చేది కాదు.

పదవి పోయాక ఏమయ్యాడు?

1888 జూలై ఎన్నికల్లో ఆయన పక్షం చిత్తుగా ఓడింది. తాను మాత్రం కిల్డోనన్ నుంచి గెలిచి, గుప్పెడు మంది సభ్యుల ప్రతిపక్షాన్ని నడిపాడు. మరుసటి ఏడాది జూలైలో హఠాత్తుగా జబ్బుపడి మరణించాడు. విన్నిపెగ్‌లో తాను చదువుకున్న బడికి అండగా నిలిచిన సెయింట్ జాన్స్ చర్చి శ్మశానంలోనే సమాధి. ఆల్బెర్టాలోని బాన్ఫ్ పట్టణం పక్కన ఉన్న మౌంట్ నార్క్వేకు, సస్కాచెవాన్‌లో ఒక ఊరికి, విన్నిపెగ్‌లో ఒక ప్రభుత్వ భవనానికి ఆయన పేరు ఉంది. స్కీయింగ్‌కు ఆ కొండకు వెళ్లేవాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు కొద్దిమందే.

భారత పాఠకులకు ఈ కథలో పరిచితంగా అనిపించేది ఏమైనా ఉందా?

ఉంది, అది యాదృచ్ఛికం కూడా కాదు. బలమైన కేంద్రం, జాబితాల్లో లేని అధికారాలన్నీ కేంద్రానికే చెందడం అనే ఏర్పాటును మన రాజ్యాంగ నిర్మాతలు కెనడాను చూసి తీసుకున్నారు. శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు ఉంచే 200, 201 అధికరణాలకు, 1879లో కోషాన్ చేసిన పనికి దగ్గరి పోలిక ఉంది. అయితే ఒక తేడా మరవకూడదు. రాష్ట్ర గవర్నరు ఆమోదించిన చట్టాన్ని కూడా ఏడాదిలోగా కేంద్రం కొట్టేయగల అధికారం కెనడా రాజ్యాంగంలో ఉంది. మన రాజ్యాంగంలో అది లేదు. నార్క్వే రైలు చట్టాలను మింగింది ఆ అధికారమే. పైగా భూమి మనకు రాష్ట్ర జాబితాలోని విషయం.

మానిటోబాకు ఆయన ఎన్నో ముఖ్యమంత్రి? తొలి ఆదివాసీ ముఖ్యమంత్రి అనవచ్చా?

ఆల్ఫ్రెడ్ బాయిడ్ నుంచి లెక్కించే సంప్రదాయం ప్రకారం అయిదోవాడు. బాయిడ్, మార్క్-అమాబల్ జిరార్, హెన్రీ క్లార్క్, డేవిస్, ఆ తర్వాత నార్క్వే. తొలినాళ్లలో పగ్గాలు నిజానికి లెఫ్టినెంట్ గవర్నరు చేతిలో ఉండేవి కాబట్టి మొదటి ఇద్దరిని లెక్కలోకి తీసుకోవాలా అన్న వాదన ఉంది. కెనడా సమాఖ్యలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి మెటీ, ఆ అర్థంలో తొలి ఆదివాసీ మూలాల ముఖ్యమంత్రి ఆయనే. 2023 అక్టోబరులో పదవి చేపట్టిన వాబ్ కినూ విషయం వేరు. ఆయన ఫస్ట్ నేషన్స్‌కు, అంటే మెటీలు, ఇన్యూట్లు కాని ఆదివాసీ జాతులకు చెందినవాడు, ఆ వర్గం నుంచి ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి వ్యక్తి. కినూ ప్రభుత్వం లూయీ రియల్‌కు మానిటోబా తొలి ముఖ్యమంత్రిగా గౌరవ హోదా ఇస్తూ చట్టం చేసింది. అది గౌరవ హోదాయే గనుక మిగిలిన వరుస సంఖ్యలు మారలేదు.